పాత కొలువు, కొత్త ఓడ

1611 ఆగస్టులో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ పులికాట్ ముందు లంగరు దించింది. ఓడ లండన్‌ది. పెట్టుబడి ఈస్టిండియా కంపెనీది. కెప్టెన్ ఆంథొనీ హిప్పన్ ఇంగ్లీషువాడే. అయితే ఈ తీరంలో ఏ రేవులో ఏ గుడ్డ దొరుకుతుంది, ఏ అధికారికి ఎంత నజరానా ముట్టజెప్పాలి, కొన్న సరుకు ఎక్కడికి తీసుకెళ్తే మంచి ధర పలుకుతుంది అన్నవి తెలిసిన పీటర్ ఫ్లోరిస్, లూకస్ ఆంథూనిస్ మాత్రం ఇంగ్లీషువాళ్లు కారు. ఇద్దరూ అంతకుముందు డచ్ కంపెనీ కొలువులో ఉన్నవాళ్లు. కోరమాండల్ వర్తకం లోతుపాతులు అక్కడే నేర్చుకుని, ఆ విద్యను పట్టుకుని లండన్‌లో కొత్త యజమాని దగ్గర చేరారు. డచ్ కాగితాల్లో కనిపించే పీటర్ విల్లెమ్స్ వాన్ ఎల్బింగ్ ఈ ఫ్లోరిసేనని చరిత్రకారులు గుర్తించారు. కొత్త కొలువులో పేరు కూడా మారిందన్నమాట.

ఒకచోట నేర్చిన పనిని ఇంకోచోటికి పట్టుకెళ్లడం, పాత యజమాని వెంటపడడం ఐటీ కంపెనీలతో పుట్టిన తగాదా అని చాలామంది అనుకుంటారు. నెల్లూరు తీరంలో దాని వయసు నాలుగు వందల ఏళ్ల పైమాటే. పులికాట్ ఊరు ఇవాళ తమిళనాడులో ఉంది, సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రలో ఉంది. దుగరాజపట్నం, శ్రీహరికోట 2022లో జిల్లాల విభజనతో తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. అంతకుముందు తరతరాలుగా అవి నెల్లూరువే. ఈ కథ ఆ పాత నెల్లూరు తీరానిది.

ఫ్లోరిస్ తలలో ఉన్న సరుకేమిటో తెలిస్తే గానీ డచ్‌వాళ్ల కంగారు అర్థం కాదు. సుగంధ ద్రవ్యాలు దొరికే తూర్పు దీవుల్లో వెండి నాణేలకన్నా కోరమాండల్ అద్దకం బట్టకే గిరాకీ ఎక్కువ. అదీ ఏ బట్ట పడితే ఆ బట్ట కాదు. పటానీ రేవులో అడిగే అంచు వేరు, సయాంలో అడిగే పువ్వు వేరు. ఎరుపు చిరివేరుతో వచ్చినదై ఉండాలి. సముద్రం ఒడ్డు ఇసుక నేలల్లో సన్నగా, పొడుగ్గా దిగే ఆ వేరును తవ్వి, ఎండబెట్టి, కట్టలు కట్టి అద్దకంవాళ్లకు చేరవేసేవారు. శ్రీహరికోట ప్రాంతంలో ఆ తవ్వకం పని యానాదులది. ఏ ఊరి ఎరుపు ఉతికినా నిలుస్తుందో, ఏ ఊరిది వెలుస్తుందో తెలిసినవాడికే ఆ వర్తకంలో నాలుగు డబ్బులు మిగిలేవి. ఆ తెలివి కాగితం మీద ఉండదు. మనిషితో పాటే ఓడ ఎక్కుతుంది, మనిషితో పాటే ఓడ దిగుతుంది.

పులికాట్‌లో జరిగింది ఫ్లోరిస్ తన దినచర్యలో రాసుకున్నాడు. ఒడ్డుకు బయలుదేరిన చిన్న పడవ అలల పోటుకు బోల్తా పడింది. ఎవరూ మునిగిపోలేదు. రేవు అధికారి షాబందరు జాలిపడి బస ఇచ్చాడు, ఊరి అధికారిణి కొండమ్మతో మాట్లాడి అనుమతి ఇప్పిస్తానన్నాడు. ఇంతలో కోరమాండల్ డచ్ వర్తకానికి పెద్ద అయిన యాన్ వాన్ వెసిక్ వచ్చి ఒక కౌలు చూపించాడు. విజయనగర రాజు వేంకటపతి రాయలు ఇచ్చినది. ఐరోపా నుంచి వచ్చేవాళ్లెవరైనా సరే హాలండ్ రాకుమారుడు మారిస్ అనుమతిపత్రం లేకుండా ఇక్కడ వర్తకం చేయరాదని దాని సారాంశం. కాబట్టి వెళ్లిపొమ్మన్నాడు. తమకు ఇంగ్లండు రాజు ఇచ్చిన అధికారం ఉందని వీళ్లు బదులిచ్చారు. మాటా మాటా పెరిగింది. కొండమ్మ మూడు రోజుల్లో వస్తుంది, అంతదాకా ఆగండి అని షాబందరు ఇద్దరినీ చల్లార్చాడు.

కొండమ్మ వచ్చింది. హిప్పన్ ఆమెను కలవడానికి సిద్ధమైతే రేపు పిలుస్తానని కబురంపింది. మర్నాడు వచ్చిన జవాబు ఇది: ఈ హక్కు రాజుగారు డచ్‌వాళ్లకే ఇచ్చారు, కావాలంటే రాజునే అడగండి. రాజు దగ్గరికి వెళ్లి పని చక్కబెట్టుకు రావడానికి రెండు నెలలు పడుతుంది. ఈలోగా డచ్‌వాళ్లు రాజుకు రెండు ఏనుగులు కానుకగా పంపబోతున్నారని తెలిసింది. ఇంగ్లీషువాళ్లు లెక్క వేసుకున్నారు, లంగరు ఎత్తారు.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. డచ్ కంపెనీలో చేరేవాడు నిబంధనల పత్రానికి లోబడతానని ప్రమాణం చేయాలి. ఫ్లోరిస్, ఆంథూనిస్ పాత కొలువు సంగతి దాచితే దాగేది కాదు. అయినా వాన్ వెసిక్ పట్టుకొచ్చింది నౌకరీ ప్రమాణాన్ని కాదు, స్థానిక రాజు ఇచ్చిన కౌలును. ఆమ్‌స్టర్‌డామ్‌లో చేసిన ప్రమాణానికి పులికాట్ ఇసుకలో విలువ లేదని అతనికి తెలుసు. మనిషిని పట్టుకోలేనప్పుడు మనిషి పనిచేసే చోటును పట్టుకున్నాడు. ఫ్లోరిస్ బృందం కూడా వాదనకు కూర్చోలేదు. ఆ కౌలు ఎంతవరకు చెల్లుతుందో ఆ గడప దాటిపోయింది. ఉత్తరాన నిజాంపట్నం, మచిలీపట్నం గోల్కొండ సుల్తానువి. అక్కడ వేంకటపతి రాయల మాట నడవదు. నెల తిరక్కుండానే రెండు చోట్లా ఇంగ్లీషు వర్తకం మొదలైంది. గ్లోబ్ 1615లో లండన్ చేరేసరికి ఆ ప్రయాణానికి తేలిన లాభం 218 శాతం. తిరిగి వచ్చిన కొద్ది వారాలకే ఫ్లోరిస్ చనిపోయాడు.

మనిషి చేత నేరుగా రాయించుకున్న సందర్భం కూడా ఆ రోజుల్లోనే ఉంది. ఈ తీరంలో కాదు, హాలండ్‌లో. ఐజాక్ ల మేర్ డచ్ కంపెనీలో అందరికన్నా పెద్ద వాటాదారు, పెట్టిన సొమ్ము 85,000 గిల్డర్లు. లెక్కల విషయంలో తగాదా వచ్చి 1605లో బయటికి వెళ్తున్నప్పుడు, గుడ్‌హోప్ అగ్రం మీదుగా గానీ మాజెలాన్ జలసంధి గుండా గానీ కంపెనీకి పోటీగా వర్తకం చేయనని అతని చేత సంతకం పెట్టించుకున్నారు. సంస్థను వదిలి వెళ్తూ రాసిచ్చిన పోటీ నిషేధాల్లో ఇది పేరుపడినది. ల మేర్ పదేళ్ల తర్వాత ఆ మాటను అక్షరాలా పాటించాడు. రెండు దారులూ మూసేశారు కాబట్టి మూడో దారి వెతకమని కొడుకు యాకోబ్‌ను, షౌటెన్ అనే నావికుణ్ణి పంపాడు. వాళ్లు 1616 జనవరిలో దక్షిణ అమెరికా కొసను చుట్టి దానికి కేప్ హార్న్ అని పేరు పెట్టారు. జావా చేరగానే డచ్ కంపెనీ అధికారి యాన్ పీటర్స్‌జూన్ కూన్ ఓడను జప్తు చేశాడు. కొత్త దారి ఉందంటే అతను నమ్మలేదు. యాకోబ్ ఇంటికి తిరిగి వెళ్తూ దారిలోనే కన్నుమూశాడు. తండ్రి కోర్టుకెక్కి చివరికి ఓడ విలువా వడ్డీ రాబట్టుకున్నాడు, కానీ కొడుకు పోయాడు. పాత యజమాని వేసిన గీతను ఒక మనిషి ఎంత జాగ్రత్తగా దాటకుండా నడిచినా, బలం ఉన్నవాడు ముందు సరుకు లాక్కుని తర్వాత న్యాయం మాట్లాడతాడు. ల మేర్ కథలో గుర్తుంచుకోవలసింది ఓడ జప్తైన రోజుకీ తీర్పు వచ్చిన రోజుకీ మధ్య గడిచిన కాలం.

డచ్ కొలువు వదిలి ఇంకొకరికి దారి చూపినవాళ్లు ఈ ఇద్దరే కాదు. 1620లో తంజావూరు రఘునాథ నాయకుడి నుంచి తరంగంబాడిని డేనిష్‌వాళ్లు పొందడంలో ముందున్న రోలాండ్ క్రాప్పే కూడా పాత డచ్ ఉద్యోగే.

1619లో ఇంగ్లీషు, డచ్ కంపెనీలు సంధి చేసుకుని పులికాట్ వర్తకాన్ని పంచుకుందామన్నాయి. 1621లో ఇంగ్లీషువాళ్లు అక్కడ దిగారు. అక్కడి డచ్ కోట ఖర్చులో సగం భరించాలి, పెత్తనం మాత్రం డచ్‌వాళ్లది. రెండేళ్లలో విసిగి లేచిపోయారు. అప్పుడు చూసుకున్న చోటే సరస్సుకు ఉత్తరాన ఉన్న దుగరాజపట్నం. 1626లో అక్కడ కోఠీ పెట్టారు. స్థలం ఇప్పించడంలో సాయపడిన ఆరుముగ ముదలియార్ పేరు మీద దాన్ని ఆర్మగాన్ అన్నారని జిల్లా చరిత్రలు చెబుతాయి. 1628 నాటికి 12 ఫిరంగులు, కాపలాకు 23 మంది వర్తకులు, సైనికులు ఉన్నారు. భారతదేశంలో ఇంగ్లీషువాళ్లు కోట కట్టుకున్న తొలి చోట్లలో ఇదొకటి. అక్కడి దీపస్తంభానికి, ఒడ్డుకు దూరంగా ఉన్న ఇసుక మెట్టకు నావికుల పటాల్లో ఆర్మగాన్ పేరే మిగిలింది.

ఆర్మగాన్‌లో ఇబ్బంది గుడ్డతోనే. కావలసినంత దొరకదు, దొరికినది ఖరీదు. అక్కడ అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డే దక్షిణానికి వెళ్లి చూసి, మద్రాసుపట్నంలో గుడ్డ ఐదో వంతు చవకగా దొరుకుతుందని రాశాడు. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి నుంచి అనుమతి వచ్చింది. 1640లో ఆర్మగాన్ వదిలి మూటాముల్లే సర్దుకుని మద్రాసు చేరారు.

డచ్ గుత్తాధిపత్యాన్ని అన్యాయమని తిట్టిన ఇంగ్లీషు కంపెనీయే చేతికి బలం రాగానే నేతగాళ్ల మీద అదే పట్టు పట్టింది. నేతగాడికి నూలు కొనడానికి, పంట చేతికి రాని నెలల్లో ఇల్లు గడవడానికి ముందుగా సొమ్ము కావాలి. దళారులు కంపెనీ తరఫున బయానా ఇస్తారు. బయానా తీసుకున్నవాడు ఆ గుడ్డ పూర్తయ్యేదాకా వేరే వర్తకుడికి నేయకూడదు. పూర్తయ్యేసరికి కొత్త బయానా ఎలాగూ అవసరమవుతుంది. పద్దు తేలదు. పద్దెనిమిదో శతాబ్దం చివరికి మగ్గం ముందు కంపెనీ బంట్రోతు కాపలా కూర్చోవడం, అతని బత్తెం నేతగాడే పెట్టుకోవడం దాకా వచ్చింది. బెంగాల్‌లో 1793 నాటి రెగ్యులేషన్ దీన్ని రాతపూర్వకం చేసింది. కంపెనీ బాకీ ఉన్న నేతగాడు ఇంకొకరికి పనిచేయడానికి లేదు, కంపెనీ పని మానాలంటే ముందుగా నోటీసు ఇవ్వాలి. ఉత్తర సర్కారుల్లో నేతగాళ్లు గుంపులు కట్టి ఎదురు తిరిగారు. కర్ణాటక నవాబు చేతి నుంచి 1801లో నెల్లూరు కంపెనీ పాలనలోకి వచ్చాక కొనేవాడూ ఏలేవాడూ ఒకడే అయ్యాడు. ఫ్లోరిస్‌కు మచిలీపట్నం ఉన్నట్టు నెల్లూరు నేతగాడికి వెళ్లడానికి ఇంకో రేవు లేదు.

ఆ నేతగాళ్ల నీలి సలంపూరు గుడ్డ ఒకప్పుడు వెస్టిండీస్ తోటల్లో బానిసల ఒంటి మీదికి ఎగుమతి అయ్యేది. అక్కడ బానిసత్వం రద్దయ్యాక ఆ గిరాకీ పడిపోయింది. ఒక సముద్రం అవతల సంకెళ్లు తెగితే ఈ ఒడ్డున మగ్గాలు ఆగాయి. బాధ కలిగించే సంగతే అయినా దాచకూడనిది.

బయానా కట్టుబాటుకు పూర్తి చట్టం రూపం 1859లో వచ్చింది. పనివాళ్ల ఒప్పంద ఉల్లంఘన చట్టం అది. అడ్వాన్సు తీసుకుని పని మానేసిన చేతిపనివాణ్ణి, కూలీని యజమాని మేజిస్ట్రేటు ముందుకు ఈడ్చవచ్చు. మేజిస్ట్రేటు సొమ్ము తిరిగి కట్టమనో పని పూర్తి చేయమనో ఆదేశిస్తాడు. పాటించకపోతే మూడు నెలల దాకా జైలు. అప్పు ఎగవేసిన వర్తకుడి మీద సివిల్ దావా, పని మానిన కూలీ మీద క్రిమినల్ కేసు. ఆ తేడా పనివాడి పేదరికానికి వేసిన శిక్ష తప్ప మరొకటి కాదు.

సరిగ్గా 13 ఏళ్లకు అదే ప్రభుత్వం ఇంకో చట్టం తెచ్చింది. 1872 భారత ఒప్పందాల చట్టం, 27వ సెక్షన్. న్యాయమైన వృత్తి, వ్యాపారం చేసుకోకుండా ఎవరినైనా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. వ్యాపారాన్ని దాని పేరుప్రతిష్ఠలతో సహా అమ్మినప్పుడు మాత్రం అమ్మినవాడి మీద కొంత నిషేధం పెట్టుకోవచ్చు. ఇంగ్లండు కోర్టులు సహేతుకమైన నిషేధాన్ని ఒప్పుకునేవి. భారత చట్టం అది కూడా ఒప్పుకోలేదు. ఈ సెక్షన్‌కు మూలం ఇంగ్లండులో లేదు, న్యూయార్క్ న్యాయవాది డేవిడ్ డడ్లీ ఫీల్డ్ రాసిన ముసాయిదాలో ఉంది. ఆ ముసాయిదా నుంచే కాలిఫోర్నియా కూడా అదే 1872లో ఇదే నియమం తీసుకుంది. సిలికాన్ వ్యాలీలో కొలువులు మారే తెలుగు ఇంజనీరుకు, నెల్లూరులో కొలువు మారే టెక్నీషియన్‌కు ఈ విషయంలో రక్షణ ఒకే ముసాయిదా నుంచి వచ్చిందంటే ఆశ్చర్యమే.

సెక్షన్‌కు తొలి గట్టి పరీక్ష 1874లో కలకత్తాలో ఎదురైంది. ఒకే పేటలో ఇద్దరు ఇత్తడి సామాన్ల వ్యాపారులు. నువ్వు ఇక్కడ కొట్టు మూసెయ్, నీ పనివాళ్లకు ఇచ్చిన అడ్వాన్సు 900 రూపాయలు నేను ఇస్తానని ఒకడు రెండోవాడికి మాటిచ్చాడు. అతను మూశాడు, వీడు ఇవ్వలేదు. దావా పడింది. నిషేధం పాక్షికమా, ఒక్క పేటకే పరిమితమా అన్నది చూడనక్కర్లేదు, ఒప్పందమే చెల్లదు అని చీఫ్ జస్టిస్ కౌచ్ తేల్చాడు. కొట్టు మూసుకున్నవాడికి డబ్బు రాలేదు. మాధవ చంద్ర పరామానిక్ కేసుగా న్యాయవాదులకు పరిచయమైన ఈ తీర్పే ఇవాళ్టికీ పునాది.

1859 చట్టం 1925లో రద్దయ్యేదాకా ఈ రెండు చట్టాలూ అరశతాబ్దం పాటు పక్కపక్కనే బతికాయి. చదువుకున్న ఉద్యోగిని కాగితంతో కట్టెయ్యడానికి వీల్లేదు. అడ్వాన్సు తీసుకున్న కూలీని జైలు భయంతో కట్టెయ్యవచ్చు. ఈ రెండింటినీ ఒకే చరిత్రగా చదవకపోతే 27వ సెక్షన్ గొప్పతనం సగమే అర్థమవుతుంది.

స్వతంత్ర భారతంలో సుప్రీంకోర్టు గీతను ఇంకా స్పష్టంగా గీసింది. కల్యాణ్‌లో టైర్ల నూలు తయారుచేసే సెంచురీ స్పిన్నింగ్ మిల్లులో నిరంజన్ గోలికరి ఐదేళ్ల ఒప్పందం మీద చేరి, 1964లో మధ్యలోనే వదిలి కోటాలోని రాజస్థాన్ రేయాన్‌లో చేరాడు. ఒప్పందకాలం ఇంకా నడుస్తున్నందున అతన్ని ఆపడం సబబేనని 1967లో కోర్టు అంది. క్రిషన్ ముర్గాయ్ అనే ఉద్యోగి విషయం వేరు. ఉద్యోగం ముగిశాక రెండేళ్లు అదే వ్యాపారం చేయకూడదన్న షరతు అది. 1980లో కంపెనీ ఓడింది. కొలువులో ఉన్నంతకాలం కట్టుబాటు చెల్లుతుంది, కొలువు పోయాక చెల్లదు. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో మూడేళ్లు పనిచేయకపోతే రెండు లక్షలు కట్టాలన్న బాండును సుప్రీంకోర్టు సమర్థించింది. అది ఇంకోచోట పనిచేయొద్దని ఆపలేదు, ముందే వదిలినందుకు పరిహారం అడిగింది.

ఇవాళ నెల్లూరు తీరంలో ఫ్లోరిస్ లాంటి తెలివి రొయ్యల హేచరీల్లో ఉంది. తల్లి రొయ్య పెట్టిన గుడ్డు నుంచి సీడు అమ్మకానికి వచ్చేదాకా మూడు వారాలకు అటూ ఇటూ. నీటి ఉప్పదనం, వేడి, ఆల్గే ఎప్పుడు ఎంత వెయ్యాలి అన్నది టెక్నీషియన్ గాజు గ్లాసులో నీళ్లు ముంచి దీపానికి ఎదురుగా పట్టి చూసి చెబుతాడు. పిల్ల నిటారుగా ఈదుతోందా, పేగు నిండుగా ఉందా, కాలు మీద మచ్చ ఉందా. ఆ కన్ను ఉన్నవాడి కోసం హేచరీలు పోటీపడతాయి. అలాంటివాడికి పాత యజమాని నుంచి లాయరు నోటీసు వస్తే కాళ్లు వణకక ముందు ఆ కాగితంలో మూడు విషయాలు వేరుచేసి చదవాలి. ఒప్పందకాలం ఇంకా మిగిలి ఉందా? బాండు సొమ్ము అడుగుతున్నారా? లేక మానేశాక ఇన్నేళ్లు ఇంత దూరంలో పనిచేయకూడదంటున్నారా? మూడోది 27వ సెక్షన్ ముందు నిలవదు. కొనుగోలుదారుల జాబితానో, కంపెనీ రాసిపెట్టుకున్న ఫార్ములానో పట్టుకుపోతే సంగతి వేరు. అది గోప్యత ఉల్లంఘన కిందికి వస్తుంది, కన్నూ చెయ్యీ నేర్చిన విద్య కిందికి రాదు. నోటీసుకు జవాబు ఇవ్వకుండా ఊరుకోవడం మాత్రం తప్పు. ల మేర్ ఓడలా ముందు జరిగిన నష్టం పూడ్చుకోవడానికి ఏళ్లు పడుతుంది.

అదే చెరువు గట్టు మీద గుడిసెలో కాపలా ఉండే యానాది కుటుంబానికి నోటీసులు రావు. వాళ్లకు ఒప్పందమే ఉండదు, అడ్వాన్సు ఉంటుంది. పెళ్లికో జబ్బుకో తీసుకున్న కొద్ది వేలు తీరేదాకా ఇంకో చెరువుకు వెళ్లడానికి లేదు. చిరివేరు తవ్వినవాళ్ల మనవలు వీళ్లు. నెల్లూరుకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల మధ్య దశాబ్దాలు పనిచేసి, 1962లో వాళ్ల మీద పుస్తకం రాసి, ఈ కట్టుబాటును దేశానికి చూపించారు. 1973లో పద్మభూషణ్ అందుకున్నారు. మూడేళ్లకు, 1976లో, వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది.

ఆ చట్టం వెట్టికి ఇచ్చిన నిర్వచనంలో గొలుసులు, కొరడాలు లేవు. అడ్వాన్సుకు బదులుగా మనిషి తనకు నచ్చిన పని ఎంచుకునే స్వేచ్ఛ, దేశంలో ఎక్కడికైనా వెళ్లే హక్కు, తన శ్రమను బజారు ధరకు అమ్ముకునే హక్కు, వీటిలో ఏ ఒక్కటి పోగొట్టుకున్నా చాలు, అది వెట్టే. 1872లో ఉద్యోగికి దక్కిన హక్కు 104 ఏళ్లు ఆలస్యంగా కూలీ దగ్గరికి వచ్చింది. ఆ అడ్వాన్సు చట్టం దృష్టిలో రద్దయినట్టే, దాని మీద ఏ సివిల్ కోర్టూ దావా తీసుకోకూడదు. బాకీ కింద పట్టుకున్న వస్తువు తిరిగి ఇచ్చేయాలి. పనిలో భాగంగా ఇచ్చిన ఇంటి నుంచి ఆ కుటుంబాన్ని వెళ్లగొట్టకూడదు. చూడవలసిన బాధ్యత కలెక్టరుది. చెరువు గట్టు మీద గుడిసె తప్ప ఇంకేదీ లేని కుటుంబం యజమాని మాట కాదనడానికి ముందు అడిగే మొదటి ప్రశ్న ఎక్కడ పడుకోవాలన్నదే కాబట్టి, మొత్తం చట్టంలో వాళ్లకు అన్నిటికన్నా ముందు చదివి వినిపించవలసినది ఆ ఇంటి గురించిన సెక్షనే.